నాలుగు దీవులు, ఒక గడ్డ

పోయిన వారం జములమ్మను గద్వాలలో వాళ్లింటి అరుగు మీద, ఒళ్లో రంగుల కాగితంతో కూర్చోబెట్టి వచ్చాం. పాపం, వారం రోజులూ ఆమె ఆ కాగితాన్నే తిప్పి తిప్పి చూస్తోంది. కాగితం మూలలు మెత్తబడ్డాయి కానీ ఆమె మనసు మాత్రం ఒక దారికి రాలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాలి. జములమ్మ భర్త చెన్నయ్య పత్తి విత్తనాల ఆర్గనైజరు. అంటే రైతు చేత విత్తనం పండించి కంపెనీకి చేర్చే మనిషి. రెండేళ్ల కింద అతని విత్తనం పరీక్షలో పోయింది. పోయినేడు అదే చెన్నయ్య పంపిన విత్తనం జిల్లాలో అందరికంటే మంచిదని తేలింది. కంపెనీ సంబరపడిపోయి, ఈ ఎండాకాలం భార్యాభర్తలిద్దరికీ మధ్యధరా సముద్రంలో ఒక దీవి చూపించుకొస్తామంది. సైప్రస్, మాల్టా, క్రీట్, సిసిలీ. నాలుగింట్లో ఒకటి ఎంచుకుని ఫారం మీద రాసిస్తే చాలు, తక్కినదంతా వాళ్లే చూసుకుంటారు.

ఇంకో ఇంట్లో అయితే ఈ కబురుకు లడ్డూలు పంచేవాళ్లు. ఇక్కడ కబురు విన్న జములమ్మ చూసుకోక పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఎందుకంటే జములమ్మ పుట్టిందే ఒక దీవిలో. కృష్ణ రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట, గుర్రంగడ్డ దీవి అంత పెద్దది కాదు గానీ, జింకలగడ్డ అని ముప్పై ఇళ్ల ఊరు. అక్కడికి పోవాలన్నా, అక్కడి నుంచి రావాలన్నా పుట్టి అనే గుండ్రటి బుట్ట పడవ ఎక్కాల్సిందే. పదకొండేళ్ల కింద, జములమ్మ బిడ్డ సింధూజకు తొట్టెల వేస్తున్నారని, పినతల్లి అయిన ఉత్సాహంతో చెల్లెలు పుష్పమ్మ గడ్డ మీద నుంచి బయలుదేరింది. వానాకాలం, ఏరు నిండుగా ఉంది. పుట్టి తిరగబడింది. తెడ్డు పట్టిన అన్న దశరథం ఈది బయటపడ్డాడు, పుష్పమ్మ పోయింది. మరదలిని తీసుకురావడానికి రేవుకు వెళ్లిన చెన్నయ్య ఒడ్డు మీద నిలబడి అంతా చూశాడట.

ఆ రోజు నుంచి జములమ్మ పుట్టింటికి పోలేదు. అన్న ముఖం చూడలేదు. తల్లి చిన్నమ్మ ఏడాదికి రెండుసార్లు తానే ఏరు దాటి వచ్చి, మనవరాలిని చూసుకుని పోతుంది. చెన్నయ్య చేత జములమ్మ తన నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది, బతికి ఉన్నంత కాలం పుట్టి ఎక్కనని. అటువంటి మనిషిని పట్టుకుని, పద, దీవికి పోదాం అంటే ఎట్లా ఉంటుంది?

అయినా బిడ్డ సింధూజ పోరు పడలేక, ఒక్క షరతు మీద ఊ అంది. పడవ ఎక్కకుండా పోయి, పడవ ఎక్కకుండా వచ్చే దీవి ఏదైనా ఉంటే వస్త. లేకుంటే మీ నాయన ఒక్కడే పోయి ఫోటోలు దిగి రానీ.

ఇక ఆ ఆదివారం పొద్దున ఏం జరిగిందంటే.

ఇస్మాయిల్ వచ్చాడు. బస్టాండు దగ్గర పాస్‌పోర్టు ఫారాలు, హజ్ ఫారాలు నింపే దుకాణం అతనిది. షార్జాలో ఆరేళ్లు ఉండి వచ్చాడు కాబట్టి, సముద్రం అవతలి సంగతులన్నిటికీ గద్వాలలో అతని మాటే చెల్లుతుంది. చంకలో కొడుకు స్కూలు అట్లాసు పెట్టుకుని, పెళ్లి సంబంధం చెప్పడానికి వచ్చిన పెద్దమనిషిలా అరుగు మీద సర్దుకుని కూర్చున్నాడు.

“వదినా, జర పానం నిమ్మలం చేసుకొని విను,” అన్నాడు అట్లాసు తెరిచి. “నాలుగిటికి నాలుగిటికీ విమానం దీవి మీదికే పోతది. ఏ దీవికీ పడవ ఎక్కే పని లేదు.”

జములమ్మ గుండెల మీద నుంచి ఒక బరువు దిగింది. అయితే ఆ సుఖం ఎంతోసేపు నిలవలేదు, ఎందుకంటే సింధూజ పక్కన కూర్చుని కాగితంలో ఏ రోజు ఏం చూపిస్తారో చదవడం మొదలుపెట్టింది. పదకొండేళ్ల పిల్ల, ఇంగ్లీషు బడి, నోరు ఆగదు.

“మాల్టా. మూడో దినం పడవల పక్క దీవికి పోవుడు.”

“మాల్టా వద్దు,” అంది జములమ్మ.

“సైప్రస్. నాలుగో దినం పడవల సముద్రం మీద పొద్దుగూకుడు చూసుడు.”

“పొద్దు మనకాడ గూకదా?”

“క్రీట్. రెండో దినం పడవల...”

“సిసిలీ చూడు బిడ్డా.”

“సిసిలీల నిప్పులు కక్కే కొండ ఉంది. పడవ కూడ ఉంది.”

ఇస్మాయిల్ గడ్డం నిమురుకున్నాడు. దీవికి పోయి పడవ వద్దనడం, దావత్‌కు పోయి బిర్యానీ వద్దనడం వంటిదని అతనికి తెలుసు. కానీ వదిన ముఖం చూసి ఆ మాట మింగాడు. “పడవ దినం నువ్వు హోటల్ల పండుకో వదినా. ఎవరన్న గుంజుకపోతరా? సైప్రస్ మంచిగ ఉంటది. మన లెక్కనే బండ్లు ఎడమ దిక్కు నడుస్తయి. మా బామ్మర్ది ఆడ రెండేండ్లు పనిచేసిండు. ఒక్కటే పరేషాన్, గా దీవి నడిమిట్ల గీత గీసిన్రు. ఇటు ఒక సర్కారు, అటు ఒక సర్కారు. ఇటోళ్లు అటు పోవాలంటే కాయిదం చూపియ్యాలె.”

“ఒక్క గడ్డ మీద ఉండి ఒకరి ముఖం ఒకరు చూడరా?” అంది జములమ్మ.

“ఏదో పాత కొట్లాట.”

జములమ్మకు ఎందుకో ఆ దీవి వద్దనిపించింది. వద్దనడానికి కారణం చెప్పమంటే చెప్పలేదు, చెప్పకుంటే ఇస్మాయిల్ ఊరుకోడు. ఆమెకు పొద్దున్నుంచీ ఇదే వరస. ఒకటి కాదనగానే ఇంకోటి మంచిదనిపిస్తుంది, ఆ మంచిదాన్ని దగ్గరికి లాక్కోగానే దానికీ ఒక పడవ బయటపడుతుంది. నాలుగు దీవులు నాలుగు దిక్కులా గుంజుతున్నాయి. పెళ్లి చీర కొనడానికి పోయినప్పుడు కూడా ఆమె ఇంత సతమతం కాలేదు.

దీనికంతటికీ తోడు చెన్నయ్య.

చెన్నయ్య మామూలుగా దేనికీ వంక పెట్టే మనిషి కాడు. కూరలో ఉప్పు మరిచిపోతే, నీళ్లలో ఉంటుందిలే అనుకుని తినేసే రకం. అలాంటివాడు ఈ వారంలో మూడుసార్లు దీవి మార్చాడు. ఇప్పుడు అట్లాసు ముందుకు లాక్కుని, బొటనవేలు మడిచి క్రీట్ పక్కన ఆనించి, అక్కడి నుంచి దగ్గరి నేల దాకా వేలు వేలుగా కొలుస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

“ఏం కొలుస్తున్నవ్?” అంది జములమ్మ.

“చుట్టు ఏముందో చూస్తున్న.”

“చుట్టు నీళ్లున్నయి. దీవి అంటనే గది.”

“నీళ్లు సరే. పక్క నేల ఎంత దూరం ఉందని.” అతను తల ఎత్తలేదు. “సిసిలీ మరీ ఒడ్డుకు అంటుకొని ఉంది. గాలి వీస్తే ఏదైన వచ్చి పడుతది. క్రీట్ నయం. ఎటు చూసినా ఏం లేదు. సాఫ్‌గ ఉంది.”

ఇస్మాయిల్ కడుపు పట్టుకుని నవ్వాడు. “అన్నా, హవా తినడానికి పోతున్నవా, పత్తి పెట్టడానికి పోతున్నవా?”

నవ్వు జములమ్మకూ వచ్చింది. నిజమే, చెన్నయ్య దీవిని చూస్తున్నట్టు లేదు, విత్తనాల ప్లాటు చూస్తున్నట్టుంది. విత్తనం పత్తికి చుట్టుపక్కల ఇంకో పత్తి ఉండకూడదు. పక్క చేను పుప్పొడి తేనెటీగ కాలికి అంటుకుని వచ్చినా చాలు, విత్తనం చెడిపోతుంది. అందుకే ప్లాటు ఒప్పుకునే ముందు చెన్నయ్య చేను నాలుగు గట్ల మీదా తిరిగి, పక్క పత్తి ఎంత దూరంలో ఉందో చూస్తాడు. సముద్రం మధ్యలోని దీవికి కూడా అదే కొలత వేస్తున్నాడు, పిచ్చి మనిషి. అలవాటు చితిలో కాలితే గానీ పోదంటారు.

నవ్వుతూనే ఆమె ఒక చిన్న విషయం గమనించింది. ఇస్మాయిల్ ఆ మాట అన్నాక చెన్నయ్య నవ్వలేదు. బొటనవేలు అట్లాసు మీద నుంచి తీసి, పంచెకు తుడుచుకున్నాడు.

అంతలో గేటు ముందు మోటార్ సైకిల్ ఆగింది. హరీష్. కంపెనీ తరఫున పొలాలు తిరిగి చూసే కుర్ర ఆఫీసరు. ఫారం తీసుకుపోవడానికి వచ్చాడు. రేపు మధ్యాహ్నం బస్సుకు అతను హైదరాబాద్ పోతాడు, అందరి ఫారాలూ అతని సంచిలోనే పోవాలి.

జములమ్మ లేచి చాయ్ పెట్టింది. తిరిగి వచ్చేసరికి ఇస్మాయిల్ హరీష్‌కు కథంతా చెప్పేసినట్టున్నాడు. హరీష్ గ్లాసు అందుకుంటూ నవ్వాడు.

“నువ్వు దీవికి భయపడుడేంది అక్కా? మాకంటే ఏమో గానీ, మీ ఇంట్ల దీవి కొత్తదా? పోయినేడు అన్న నాలుగు నెలలు గడ్డ మీదనే ఉన్నట్టాయె.”

చెన్నయ్య దగ్గాడు. ఆ దగ్గులో అర్థం హరీష్‌కు అందలేదు. మంచి మనసున్నవాళ్లకు ఇటువంటి దగ్గులు ఎప్పుడూ అందవు.

“ఏ గడ్డ?” అంది జములమ్మ.

“జింకలగడ్డ. మీ పుట్టినూరే కద. ప్రైజు వచ్చిన విత్తనం గా ప్లాటుదే. ఊరు మొత్తంల ఒక్క పత్తి చెట్టు లేదు, చుట్టు ఏరు. గంత మంచి ఐసోలేషన్ నా సర్వీసుల చూడలే. నేను చూడనీకె మూడుసార్లు పోయిన. పుట్టి గిర్రున తిరుగుతుంటె నాకు కడుపుల తిప్పింది. అన్నకు మాత్రం ఏం కాలే. కని ఒకటి అక్కా, అన్న తెడ్డు ముట్టడు. దశరథమన్న అలిసిపోయి, జర పట్టు బావా అని ఇచ్చినా, రెండు చేతులు ఎనక్కి పెట్టుకుంటడు.”

చెప్పి చాయ్ ఊదుకున్నాడు.  ఇస్మాయిల్ అట్లాసు మూసి, చెన్నయ్య ముఖం చూసి, జములమ్మ ముఖం చూసి, దుకాణంలో ఎవరో ఎదురు చూస్తున్నారని గుర్తు తెచ్చుకున్నాడు. పోతూ పోతూ హరీష్‌ను కూడా వెంటబెట్టుకుని పోయాడు. ఆ బుద్ధి షార్జాలో నేర్చుకున్నదో, పుట్టుకతో వచ్చిందో గానీ, ఆ రోజు అందరికీ అతను చేసిన మేలు అది.

“ఫారం రేపు ఇస్తం,” అని చెన్నయ్య వెనక నుంచి అన్నాడు. ఎవరూ వినలేదు.

జములమ్మ సింధూజను పక్కింటి అమృతమ్మ దగ్గరికి పంపింది. లోపలికి పోయి, దండెం మీద ఆరేసిన చెన్నయ్య పంచె తీసి చూసింది. అంచు దగ్గర నల్లటి మరకలు. వానాకాలమంతా ఆమె ఆ మరకలను కిరసనాయిలు పోసి రుద్దింది, పోలేదు. ట్రాక్టరు గ్రీజు అన్నాడు. సరే అనుకుంది. పుట్టి అడుక్కు పూసే తారు గ్రీజులా ఉంటుందా? పుట్టి మీద పుట్టి పెరిగిన పిల్ల, ఆ వాసన ముక్కుకు తగిలినా గుర్తు పట్టలేదా? గుర్తు పట్టింది. పట్టి కూడా, కాదులే అనుకుంది. ఇప్పుడు ఆమెకు ఎవరి మీద ఎక్కువ కోపం వచ్చిందో ఆమెకే తెలియలేదు.

చెన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు, తేలు కుట్టిన దొంగలాగా.

“నా నెత్తి మీద చెయ్యి పెట్టినవ్,” అంది.

“పెట్టిన.”

“ఎన్నిసార్లు ఎక్కినవ్ పుట్టి?”

“లెక్క పెట్టలే.”

“ఏరు నిండుగ ఉన్నప్పుడు గూడ?”

చెన్నయ్య తల ఊపాడు. తర్వాత గడపలోనే కూర్చుని మాట్లాడాడు, ముఖం వాకిలి వైపు పెట్టి. “అంతకు ముందేడు విత్తనం పోయింది గద. పక్క చేను పత్తి కలిసిందన్నరు. ఇంకోసారి పోతే నా పేరు కొట్టేస్తమన్నరు. వడ్డేపల్లి దిక్కు పోయిన, ఇటు తిరిగిన, అటు తిరిగిన. ఏడ చూసినా పత్తే. పత్తి లేని నేల ఏడ దొరుకుతది జములా? గడ్డ ఒక్కటే ఉండె.”

“నాకు చెప్పకపోతివి.”

“చెప్తే పోనిస్తుంటివా?”

“పోనియ్యకపోదును.”

“గందుకే.”

 ఆ మాట ఆమెకు ఇంకా కోపం తెప్పించింది. “ఎవరు చేసిన్రు పని?”

“మీ అమ్మ దగ్గరుండి చేయించింది. సాయంత్రం మొగ్గలు గిల్లిపిచ్చి, గుర్తుకు ఎర్ర కాయితం కట్టించుడు, పొద్దున పుప్పొడి పట్టించుడు, అన్నీ ఆమెనే. ముసలామె, నడుం వంగింది, అయినా చేన్లకెళ్లి కదలకపోతుండె.” చెన్నయ్య గొంతు మెత్తబడింది. “రోజూ నీ సంగతే అడుగుతుండె. జములు ఏం వండింది, జములు మోకాలి నొప్పి తగ్గిందా అని.”

జములమ్మ చేతిలో పంచె అలాగే ఉండిపోయింది. అమ్మ దీపావళికి వచ్చింది. రెండు రోజులుంది. ఇదే వంటింట్లో కూర్చుని చిక్కుళ్లు ఒలిచింది. ఒక్క మాట అనలేదు. అన్నకు తెలుసు, అమ్మకు తెలుసు, హరీష్‌కు తెలుసు, ఎక్కడో హైదరాబాద్‌లో ప్రైజులిచ్చే పెద్దమనుషులకూ తెలుసు. తెలియనిది తన ఒక్కతెకే. ఇదే ఇంట్లో, ఇదే పొయ్యి ముందు, ఏడాది పాటు తాను పరాయి మనిషిలా తిరిగిందన్నమాట. ఏడుపు వచ్చింది. ఏడవలేదు.

ఇంకో ఆలోచన దాని వెనకే వచ్చి నిలబడింది. ఈ ఆలోచన ఆమెకు అర్థం కాలేదు. నిండు ఏట్లో ఈ మనిషి లెక్క పెట్టనన్నిసార్లు పోయి వచ్చాడు. పుట్టి నడిపింది దశరథమే. ఒక్కసారి కూడా మునగలేదు. తాతల నాటి నుంచి తెడ్డు పట్టిన ఇల్లు వాళ్లది. గోదారి పుష్కరాలకు పోయి అక్కడి పడవలు చూసొచ్చిన బంధువులు కూడా, మీ అన్న తెడ్డు పడితే నీళ్లు పక్కకు జరుగుతాయి అనేవాళ్లు. అటువంటి చేతుల్లో పుష్పమ్మ ఎట్లా పోయింది? పదకొండేళ్లు ఆమె అన్నను తిట్టుకుంది, శపించింది, రాఖీ పున్నానికి తలుపు వేసుకుని కూర్చుంది. కానీ ఎట్లా జరిగిందని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని తోచలేదు. చెన్నయ్య చెప్పాడు, నమ్మింది.

“రేపు పొద్దున రేవుకు పోదాం,” అంది.

చెన్నయ్య తిరిగి చూశాడు. “ఎందుకు?”

“అన్నను అడుగుత. నువ్వెక్కితే మునగని పుట్టి, నా చెల్లె ఎక్కితే ఎట్ల మునిగిందో.”

“వద్దు.”

“ఏం?”

“పాత సంగతి. ఇప్పుడు తవ్వి ఏం చేస్తవ్? ఫారం నింపు. క్రీట్ అని రాయి. లేకుంటే నీ ఇష్టం ఉన్నది రాయి. మాల్టా రాయి.”

జములమ్మ అతన్ని వింతగా చూసింది. వారం రోజులు దీవి మార్చి మార్చి, చివరికి క్రీటే నయమన్నది ఈయనే. పదకొండేళ్లుగా, ఒక్కసారి మీ అన్నతో మాట్లాడు, మీ అన్నతో మాట్లాడు అని నసపెట్టిందీ ఈయనే. ఇప్పుడు తాను మాట్లాడతానంటే వద్దంటున్నాడు. ముఖంలో నెత్తురు లేదు. పుట్టి ఎక్కినట్టు ఒప్పుకున్నప్పుడు లేని భయం, ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆమెకు ఏమీ అంతుబట్టలేదు. అంతుబట్టకనే, పోయి తీరాలనుకుంది.

తెల్లారి ఇద్దరూ ఆటోలో బయలుదేరారు. ఫారం జములమ్మ దగ్గరే ఉంది, పాలిథిన్ కవర్లో మడిచి, సంచిలో పెట్టుకుంది. మొదటి గడిలో చెన్నయ్య పేరు హరీష్ ముందే రాసి పెట్టాడు. జములమ్మ పేరు రాసే రెండో గడి ఖాళీ. దీవి పేరు రాసే గడి ఖాళీ. మధ్యాహ్నం బస్సు లోపల రెండూ నింపి ఇవ్వాలి, లేకుంటే ఆ ప్రయాణం ఇంకొకరికి పోతుంది. దారిలో చెన్నయ్య ఒక చోట, “మోకాలు నొస్తదేమో, వెనక్కి పోదామా?” అన్నాడు. ఆమె వినపడనట్టు కూర్చుంది.

రేవు మారలేదు. అదే ఏటవాలు, అవే నల్ల రాళ్లు. మాఘమాసం కావడంతో నీళ్లు తగ్గి, రాళ్లు వీపులు తేల్చి పడుకున్నాయి. నడిమి పాయ మాత్రం ఇంకా లోతుగానే పారుతోంది. అవతల గడ్డ మీద తాటిచెట్లు కనిపించాయి, వాటి కింద తమ ఇంటి కప్పు. పదకొండేళ్ల తర్వాత చూస్తే అది ఎంత దగ్గర. గట్టిగా పిలిస్తే అమ్మకు వినపడేంత దగ్గర. కాగితంలో నాలుగు దీవులు చూసి చూసి, వాటికి విమానంలో ఎన్ని గంటలు పడుతుందో కంఠతా పట్టిన మనిషికి, ఈ పాయ ఒడ్డుకు రావడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేసింది.

కూరగాయల గంపలతో ఇద్దరు ఆడవాళ్లు పుట్టి దిగి, వీళ్లు వచ్చిన ఆటోలోనే ఎక్కి వెళ్లిపోయారు. రేవు ఖాళీ అయింది. వాళ్లను దింపిన పుట్టి అప్పటికే అవతలికి తిరిగింది. తెడ్డు మనిషి ఒక్కసారి వెనక్కి చూశాడు. చూసి, ఆగాడు. పుట్టి ఉన్నచోటే రెండు చుట్లు తిరిగి, మెల్లగా ఇటు వచ్చింది.

దశరథం జుట్టు తెల్లబడింది. ముఖం అచ్చం నాయన ముఖమైంది. మోకాలి లోతు దగ్గర దిగి, పుట్టిని ఒక చేత్తో పట్టుకుని నీళ్లలోనే నిలబడ్డాడు. ఒడ్డు ఎక్కలేదు. చెల్లెలు పిలవకుండా ఎక్కకూడదనుకున్నాడేమో.

“మంచిగున్నవా చెల్లె?” అన్నాడు.

జములమ్మ చెప్పులు విడిచి, నాలుగడుగులు దిగింది. చల్లటి నీళ్లు చీలమండలకు తగిలాయి. అయినా వెనక్కి రాలేదు.

“అన్నా, పుట్టి ఎక్కుత. అమ్మను చూస్త. ఎక్కే ముందు ఒక్కటి చెప్పు.”

“అడుగు.”

“ఆ దినం పుట్టి ఎట్ల మునిగింది? నడక నేర్వకముందే తెడ్డు పట్టినోనివి నువ్వు. పుష్పి నీకు బిడ్డ లెక్క. నీ చేతుల ఎట్ల పోయింది?”

దశరథం తెడ్డును పుట్టిలో పెట్టాడు. పుట్టి అతని చేతి కింద నెమ్మదిగా ఊగింది.

“పదకొండేండ్లు చూసిన, ఎప్పుడో ఒకప్పుడు అడుగుతవని,” అన్నాడు. “నువ్వు అడగలే. అడగకుండనే నన్ను తీసేసినవ్. అమ్మ చెప్పుదామన్నది. నేనే వద్దన్న. బిడ్డ పుట్టి ఇరవై దినాలు, దాని సంసారం చెడగొడుదామా అన్న. నా మీదనే ఉండనీ అనుకున్న. కని నువ్వే వచ్చి నీళ్లల్ల నిలబడి అడుగుతున్నవ్. ఏరు సాక్షిగ నీకు అబద్ధం చెప్పలేను.”

“ఏం అబద్ధం?”

“ఆ దినం తెడ్డు నా చేతుల లేకుండె చెల్లె.”

ఆమెకు ఆ మాట చెవిన పడింది గానీ లోపలికి పోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్న మనిషి ఒకడు ఎక్కడో గుర్తుకొస్తున్నాడు. ఎవరు చెప్పారు ఆ మాట, ఎప్పుడు చెప్పారు? నిన్న అరుగు మీద హరీష్, చాయ్ ఊదుకుంటూ.

“మరి ఎవరి చేతుల ఉండె?”

 దశరథం చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి పోయింది, ఒడ్డు మీదికి. అక్కడే ఆగిపోయింది.

జములమ్మ సంచిని గుండెకు అదుముకుంది.  వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేదు. ఆటో పోయింది, గంపల ఆడవాళ్లు పోయారు. ఇప్పుడు ఒడ్డు మీద ఉన్నది చెన్నయ్య ఒక్కడే.